మీసాలున్న లేడీస్

ఇమ్మానుయేలు బస్సు దిగేటప్పుడు ఆడమనిషి అయిపోతాడు. ఎక్కేటప్పుడు మగవాడే. కూర్చున్నంతసేపూ మగవాడే, కిటికీ పక్క సీటు కోసం పోట్లాడేంత మగవాడు. సరిగ్గా దిగే ముందు అర నిమిషం మాత్రం మారిపోతాడు. అరవై మూడేళ్ళ మనిషి, చెవుల దాకా పాకిన మీసం, ఎడమ కాలికి తొడ దగ్గర్నుంచి బూటు దాకా ఇనప కట్టు, చంక కింద కర్ర. ఆ వేషంతో లేచి నిలబడి, కడ్డీ పట్టుకుని, బస్సు రేకులు అదిరేలా అరుస్తాడు: "ఆస్తే లేడీస్, కోలే బచ్చా."

బెంగాలీ రానివాళ్ళ కోసం: నెమ్మది, ఆడమనిషి దిగుతోంది, ఒళ్ళో పిల్ల ఉంది అని దానర్థం. కలకత్తా ప్రైవేటు బస్సుల్లో కండక్టరు డ్రైవరుకి వేసే కేక అది. ఆ ఊళ్ళో మగవాడు దిగుతుంటే బస్సు ఆగదు, ఆగినట్టు నటిస్తుంది. మగవాడనేవాడు ఒక కాలు గాలిలో పెట్టి, రెండో కాలి భారం దేవుడి మీద వేసి, బస్సుతో పాటు నాలుగు గజాలు పరిగెత్తి, ఆ తర్వాతే ఫుట్‌పాత్ మీద మనిషిగా తేలాలి. అదే ఆడమనిషైతే బస్సు ఆగుతుంది. ఒళ్ళో పిల్ల కూడా ఉంటే ఇంజను సైతం దగ్గు ఆపుకుంటుంది. ఇమ్మానుయేలుకి పరిగెత్తే కాలు లేదు. అందుకని లేడీస్ అయ్యాడు. ఇందులో ఆయనకి సిగ్గూ లేదు, అనుమానమూ లేదు.

ఈ అరుపు వల్ల ఉద్యోగం ఊడబోతున్న కండక్టరు పేరు సునీల్‌కుమార్. ఇరవై మూడేళ్ళు. బీకాం రెండో ఏడు మధ్యలో లేచి వచ్చేశాడు. ఫెయిలవలేదు, ఎవరితోనూ గొడవ పడలేదు, బెంచీ మీద ముప్పావు గంట కూర్చోలేకపోయాడు, అంతే. ఆ తర్వాత మొబైల్ షాపులో మూడు వారాలు, కాల్‌సెంటర్లో నాలుగు రోజులు. కాల్‌సెంటర్లో హెడ్‌ఫోను తీగ ఎంత పొడవుంటే అంత దూరం నడుస్తూ మాట్లాడేవాడు. పక్కవాడి తీగ మెడకి చుట్టుకున్న రోజున మేనేజరు దణ్ణం పెట్టి పంపించేశాడు. చివరికి ఏక్‌బాల్‌పూర్ నుంచి న్యూ టౌన్ వెళ్ళే బస్సు ఫుట్‌బోర్డు మీద కాలు మోపాడు. ఆ రోజున అతని కాళ్ళకి సొంతిల్లు దొరికినట్టయింది. నోట్లు నిలువుగా మడిచి వేళ్ళ సందున పెట్టుకోవడం, రేకు మీద అరచేత్తో కొట్టడం. ఒక దెబ్బ కొడితే ఆగు. రెండు కొడితే పద. ఆ రెండో దెబ్బంటే సునీల్‌కి ప్రాణం.

కానీ న్యూ టౌన్ స్టాండులో ప్రదీప్‌బాబు అనే టైమ్‌కీపరున్నాడు. ఆయన దగ్గర ఒక రిజిస్టరూ, ఎర్ర పెన్నూ ఉన్నాయి. బస్సు ఆలస్యమైతే కండక్టరు పేరు పక్కన ఎర్రగీత. మూడు గీతలు పడితే ఫుట్‌బోర్డు ఇంకొకడిది. సునీల్‌కి అప్పటికే రెండు పడ్డాయి. రెండూ ఇమ్మానుయేలు దయే.

పోనీ గట్టిగా ఒక మాట అందామంటే, ఇమ్మానుయేలు పరాయివాడు కాదు. ఏక్‌బాల్‌పూర్‌లో కార్పొరేషన్ వాళ్ళ క్వార్టర్సులో పక్క గుమ్మం. సునీల్ నాన్న చెత్తబండి తోలుతుంటే, ఆ బళ్ళ గ్యారేజీ గేటు దగ్గర కూర్చుని హాజరు వేసిన మనిషి. సునీల్ పుట్టినప్పటి నుంచీ "మావా" అనే పిలుస్తాడు. ఆయన సునీల్‌ని "గుంటడా" అంటాడు. శ్రీకాకుళం, పార్వతీపురం వైపు పిల్లాణ్ణి గుంటడు, పిల్లని గుంట అనే పిలుస్తారు. నలభై నాలుగేళ్ళు కలకత్తాలో ఉన్నా ఇమ్మానుయేలు మీసమూ మారలేదు, ఆ మాటా మారలేదు.

ఆయన లేడీస్ అయిన కథ క్వార్టర్సులో అందరికీ కంఠతా. పందొమ్మిదో ఏట ఊరి నుంచి వచ్చి హౌరాలో దిగాడు. మొదటి బస్సు దిగడంలో ఒక పన్ను పోయింది. రెండో రోజు ఎక్కలేదు, స్టాపులో కూర్చుని పొద్దంతా బస్సుల్ని చూశాడు. ఎవరికి ఆగుతోంది, ఎవరికి ఆగడం లేదు అని.

"నాకు బెంగాలీ రాదు కదా," అని చెబుతాడు ఇమ్మానుయేలు, ఎన్నోసారైనా అప్పుడే మొదటిసారి చెబుతున్నట్టు. "ఆస్తే లేడీస్, ఆస్తే లేడీస్ అంటన్నారు. ఆడోళ్ళే మన ఆస్తి అంటన్నారనుకున్నాను. ఎంత పెద్దమనుషులురా ఈళ్ళు, స్టాపు స్టాపుకీ ఆడోళ్ళని పొగుడుతున్నారు అనుకున్నాను. ఆస్తి కనబడితేనే బస్సు ఆగుతాదంటే, నాను మాత్రం తక్కువేటి? మా అమ్మకి నానే ఆస్తి."

మూడో రోజు తనూ అరిచాడు. బస్సు ఠక్కున ఆగింది. అప్పటి కండక్టరు దిగే ఆడమనిషి కోసం ముందుకీ వెనక్కీ వెతికాడు. మీసం కనబడింది. కోపంగా, చేతులు ఊయలలా ఊపి, పిల్ల ఏదని అడిగాడు. ఇమ్మానుయేలు ఇనప కట్టు మీద టంగుమని వేలితో కొట్టి చూపించాడు. "ఇదే పిల్ల. మూడో ఏటి నుంచీ మోస్తన్నాను, ఇంకా నడక రానేదు."

ఇక అక్కడి నుంచి ఆ కేక బస్సులోనే ఉండిపోలేదు, ఆయనతో పాటు ఊరంతా తిరిగింది. మెట్లు ఉన్న ప్రతిచోటా కింద నిలబడి అదే అరుపు. చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే బల్ల దగ్గరికి వరస కదిలినప్పుడు అరిచాడు, పాస్టరుగారు ప్రార్థన మధ్యలో కళ్ళు తెరిచి పిల్లతల్లికి దారి ఇమ్మన్నారు. పెళ్ళి విందులో మేడ మీది భోజనాలకి వెళుతూ అరిచాడు, వడ్డించేవాళ్ళు గంగాళాలు పక్కకి లాగారు. ఆయన భార్య పుష్పరాణి ఇరుగుపొరుగుతో ఒకటే మాట అంటుంది: "మొగుడనుకుని కట్టుకున్నాను. బస్సెక్కి సూస్తే లేడీసు."

బ్యాంకు సంగతి ఇంకో ఘనత. పెన్షనుదారు బతికే ఉన్నాడని ఏటా ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. ఆ బ్యాంకుకి అయిదు మెట్లు. పక్కన చక్రాల కుర్చీల కోసం ఏటవాలు దారి కూడా ఉంది, దాని నిండా కాపలావాడు పెంచుకునే బంతిపూల కుండీలు. ఇమ్మానుయేలు కింద నిలబడి కేక వేశాడు. కాపలావాడు గొడుగు పట్టుకుని తల్లీపిల్లల్ని తీసుకురావడానికి పరిగెత్తుకొచ్చాడు. విషయం తెలిశాక లోపలికి వెళ్ళి మేనేజరుకి చెప్పాడు. మేనేజరు, మనిషి ఎదురుగా రావాలి, బతికున్నట్టు నేను చూడాలి అని కబురు పెట్టాడు. ఇమ్మానుయేలు ఇంకోసారి అరిచి, చచ్చినవాడు ఇంత గట్టిగా అరుస్తాడేమో కనుక్కుని రమ్మన్నాడు. మేనేజరే కాగితం పట్టుకుని కిందికి వచ్చాడు. మర్నాడు కుండీలు కూడా కిందికి వచ్చాయి.

ఒక సంగతి మాత్రం చెప్పాలి. ఎత్తుకుంటామంటే ఆయనకి ఒళ్ళు మండుతుంది. ఒక ఏడు దుర్గాపూజకి క్లబ్బువాళ్ళు పందిరిని కొండలా కట్టారు, అమ్మవారి దగ్గరికి నలభై ఒక్క మెట్లు. కింద కేక విని తాళ్ళు పట్టుకున్న వాలంటీర్లు జనాన్ని రెండుగా చీల్చారు. మీసం చూసి తెల్లబోయినా, మంచి కుర్రాళ్ళు, నలుగురు కలిసి కుర్చీలో ఎత్తుకెళతామన్నారు. ఇమ్మానుయేలు కర్ర అడ్డం పెట్టాడు. "ఎత్తితే మూటనవుతాను. నాకెవులూ ఎత్తక్కర్లేదు. నానెక్కుతాను, మీరు ఆగండి సాలు."

ఆగారు. వేరే దారి లేక ఆగారు. మెట్టుకొక కేక చొప్పున నలభై ఒక్క కేకలు. వెనక వరస వీధి దాటి, ట్రామ్ పట్టాలు దాటిందని చెప్పుకుంటారు. ఇరవయ్యో మెట్టు దగ్గర మైకులో అనౌన్సరు కూడా అందుకున్నాడు, ముప్పయ్యో మెట్టుకి జనమంతా అందుకున్నారు. పైకి చేరాక ఇమ్మానుయేలు చెమట తుడుచుకుని అమ్మవారినీ, ఆమె పక్కన సింహాన్నీ ఎగాదిగా చూసి సునీల్ చెవిలో అన్నాడు: "సూసినావేటి. లేడీస్ ఎక్కీదాకా సింహం కూడా ఆగే ఉంది."

అప్పటికి సునీల్‌కి పన్నెండేళ్ళు, పడీ పడీ నవ్వాడు. ఇప్పుడు అదే మనిషి తన బస్సులో ఉంటే నవ్వు రావడం లేదు.

ఎందుకంటే, ఇమ్మానుయేలుకి నాలుగు నెలల కిందట కొత్త పిచ్చి పట్టుకుంది. రిటైరై మూడేళ్ళయింది, వెళ్ళాల్సిన చోటు ఏదీ లేదు. అయినా రోజూ పొద్దున్నే తొమ్మిది గంటల బస్సుకి సిద్ధం. ఏక్‌బాల్‌పూర్‌లో ఎక్కి, గంటన్నర ప్రయాణం చేసి, న్యూ టౌన్‌లో పంప్‌హౌస్ స్టాపులో దిగి, ఒక చాయ్ తాగి, రోడ్డు దాటి ఎదురు బస్సులో వెనక్కి వస్తాడు. ఎందుకు మావా ఇంత దూరం అంటే, అక్కడ చాయ్ బాగుంటాదిరా అంటాడు. సునీల్ ఆ చాయ్ ఒకసారి తాగాడు. గిన్నెలు కడిగిన నీళ్ళకి టీపొడి ఫొటో చూపించి మరిగించినట్టుంది.

అదైనా భరించవచ్చు. పంప్‌హౌస్‌కి ముందు కాచ్‌బాడీ అని ఒక స్టాపు, పెద్ద గాజు మేడలున్న చోటు. అక్కడ కూడా ఈయన లేస్తాడు, కడ్డీ పట్టుకుంటాడు, ఆస్తే లేడీస్ కోలే బచ్చా అంటాడు. డ్రైవరు బాపీదా బ్రేకు తొక్కుతాడు. బస్సు ఆగుతుంది, గాజు మేడల ఉద్యోగులు దిగుతారు. ఇమ్మానుయేలు దిగడు. "ఈ స్టాపు కాదురా, తర్వాతిది," అని మళ్ళీ కూర్చుంటాడు. తర్వాతి స్టాపులో మళ్ళీ లేచి మళ్ళీ అరుస్తాడు. రోజూ ఇంతే. నాలుగు నెలల్లో ఒక్కరోజు కూడా ఆయనకి తన స్టాపు గుర్తులేదు.

దిగని లేడీస్‌కి బస్సు ఆపినందుకు బాపీదా సునీల్‌ని తిట్టేవాడు. వెనక అదే రూటు బస్సు హారన్ కొట్టుకుంటూ వచ్చి, ముందు స్టాపులోని జనాన్నంతా ఊడ్చుకుపోయేది. సునీల్ బతిమాలాడు, కోప్పడ్డాడు, స్టాపుల పేర్లు కాగితం మీద రాసిచ్చాడు. ఇమ్మానుయేలు ఆ కాగితం శ్రద్ధగా మడిచి జేబులో పెట్టుకుని, కాచ్‌బాడీ రాగానే లేచి అరిచాడు. పుష్పరాణత్తకి చెప్పుకుంటే ఆవిడ, ఇంట్లో స్నానాల గది ఎటుందో కూడా అడుగుతున్నాడా అని కంగారుపడి నాలుగు రోజులు కాపలా కాసింది. అలాంటిదేమీ లేదని తేలింది. మతిమరుపు కాచ్‌బాడీ ఒక్కచోటే.

మూడో గీత పడాల్సిన రోజు వాన. బైపాస్ మీద ట్రాఫిక్కు బంకలా అంటుకుంది. న్యూ టౌన్ చేరేసరికి గడువుకి అయిదు నిమిషాలు మిగిలింది, వెనక బస్సు అద్దంలో పళ్ళికిలిస్తోంది. సునీల్ ఫుట్‌బోర్డు మీద ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారుతూ నిలబడలేకపోతున్నాడు. ఈ పని కూడా పోతే తర్వాత ఏమిటి? మళ్ళీ ఏదో కుర్చీ. అది తలుచుకుంటేనే కాళ్ళు జివ్వున లాగాయి. ఆ క్షణంలో నిర్ణయించుకున్నాడు, కాచ్‌బాడీలో బస్సు ఆగదు.

కాచ్‌బాడీ వచ్చింది. వెనక నుంచి ఆ గొంతు లేచింది. "ఆస్తే లేడీస్, కోలే బచ్చా."

సునీల్ రేకు మీద రెండు దెబ్బలు కొట్టాడు.

బాపీదా తటపటాయించాడు. బస్సు సగం నెమ్మదించి మళ్ళీ ఊపందుకుంది. ఉద్యోగులు కలకత్తా మగవాళ్ళలాగే ఒక్కొక్కరూ గాల్లోకి దూకి పరిగెత్తారు. చివరన ఒక కుర్రాడు మిగిలాడు. రోజూ పార్క్ సర్కస్‌లో ఎక్కుతాడు, చెవుల్లో పాటల తీగలు, వీపున సంచి, అందరూ దిగాక చివర్న దిగుతాడు. ఒక్క మాట మాట్లాడడు. వాడు కింది మెట్టు మీద నిలబడి, కడ్డీని రెండు చేతులతో పట్టుకుని, కింద పరిగెడుతున్న తడి రోడ్డు వైపు చూస్తున్నాడు. దూకడం లేదు, వెనక్కి రావడం లేదు.

దూకు దాదా, అని అరవబోయాడు సునీల్. అంతలో బస్సు పైకప్పు మీద పిడుగు పడ్డట్టు ఒకే ఒక్క దెబ్బ. ఇమ్మానుయేలు చంక కర్ర తీసి రేకుకి కొట్టాడు. ఒక దెబ్బంటే ఆగు. పధ్నాలుగేళ్ళ అలవాటు మీద బాపీదా కాలు బ్రేకు తొక్కేసింది. కర్ర లేక ఇమ్మానుయేలు సీట్ల మధ్య సగం పడిపోతూ అరిచాడు, కంగారులో బెంగాలీ ఎగిరిపోయి అచ్చ తెలుగు వచ్చింది: "ఆపరా సన్నాసీ, ఆ గుంటడు దిగాల."

కుర్రాడు తిరిగి చూశాడు. తర్వాత అదేమిటో, వంగి రోడ్డంతా కళ్ళతో వెతికాడు. జాగ్రత్తగా ఒక కాలు దించాడు. టిక్ అంది. రెండోది దించాడు. ప్యాంటు అంచు మెట్టుకి తగిలి పైకి లేచింది. మేజోడు ఉండాల్సిన చోట మెరిసే లోహపు గొట్టం. అది లిప్త సేపే. ప్యాంటు సర్దుకుని, గొడుగు లేకుండా, వడివడిగా వెళ్ళిపోయాడు. వెనక బస్సు వీళ్ళని దాటుతుంటే, దాని కండక్టరు సునీల్‌కి ఈల వేసి చేయి ఊపాడు.

బస్సు కదిలాక సునీల్ వచ్చి కర్ర ఏరి ఇచ్చాడు.

"నీకెప్పట్నుంచి తెలుసు మావా?"

"ఏటి తెలుసు?"

"మావా."

ఇమ్మానుయేలు మీసం మీది వాన నీళ్ళు తుడుచుకున్నాడు. "మొదటిరోజే. నీ బస్సు ఒకసారి సూద్దామని ఎక్కినాను, ఈడొచ్చి నా పక్కన నిలబడ్డాడు. టిక్కంది. నా కాలనుకున్నాను. నాను కూకునున్నాను కదా, నా కాలెందుకు టిక్కంటాది అనుకున్నాను. ఆ రోజే దిగబోయి బురదలో పడ్డాడు. ఎవులైనా పడితే ముందు దెబ్బ సూసుకుంటారు. ఈడు దెబ్బ సూసుకోలేదురా, ఎవులైనా సూసినారేమోనని సుట్టూ సూసినాడు. లేచి, ఫోనులో మాటాడుతున్నట్టు నటించుకుంటూ ఎలిపోనాడు. నానూ అట్టాగే సేసీవోణ్ణి, పన్ను ఊడిన రోజున. అప్పుడు ఫోన్లు లేవు, పాట పాడినాను."

"ఆ ముక్క నాకు సెప్తే నానే ఆపేవోణ్ణి కదా."

"నువ్వు ఆపితే బస్సంతా ఆడి కాలు సూస్తాది. నాను అరిస్తే నా మీసం సూస్తాది. నా మీసానికి అలవాటేరా, నలభై నాలుగేళ్ళు లేడీసుగా ఉంది. ఆడికి ఇంకా మీసవే సరిగ్గా రానేదు, ఆడేటి తట్టుకుంటాడు."

పంప్‌హౌస్ వచ్చింది. ఇమ్మానుయేలు లేవలేదు. అడిగితే, ఇయాల చాయ్ వద్దురా, స్టాండు దాకా వస్తానన్నాడు.

స్టాండులో టైమ్‌కీపరు గది రేకుల డబ్బాలా ఉంటుంది, నేల మీద కాదు, ఇనప నిచ్చెన లాంటి ఎనిమిది మెట్ల మీద. ప్రదీప్‌బాబు పొద్దున ఎక్కితే మళ్ళీ సాయంత్రమే దిగుతాడని పేరు. మధ్యలో యజమానే వచ్చినా కిటికీలోంచి మాట్లాడతాడు. బస్సు నాలుగు నిమిషాలు ఆలస్యం. పైన ఎర్ర పెన్ను మూత తీస్తున్న చప్పుడు సునీల్‌కి కిందికి వినబడింది. కనీసం అతనికి అలా అనిపించింది.

ఇమ్మానుయేలు ఆ మెట్ల కింద, వానలో నిలబడి గొంతు సవరించుకున్నాడు. మొదటి కేకకి కిటికీ తెరుచుకుంది. రెండో కేకకి గొడుగు తెరుచుకుంది. మూడో కేకకి ప్రదీప్‌బాబు పంచె ఎగ్గట్టి, పాపం వానలో ఎవరో పిల్లతల్లి అనుకుంటూ ఎనిమిది మెట్లూ గబగబా దిగి వచ్చాడు. కింద మీసం నిలబడి ఉంది.

లేడీస్ ఎక్కడ అని అడిగాడు. ఇమ్మానుయేలు భుజం మీది తువ్వాలు తీసి తల మీద ముసుగులా కప్పుకున్నాడు. పిల్ల ఎక్కడ అని అడిగాడు. టంగుమని కట్టు మోగింది. ఆ తర్వాత ఇమ్మానుయేలు తన ముతక బెంగాలీలో తేల్చి చెప్పాడు: బస్సు ఆపింది కండక్టరు కాదు, నేను. గీత గియ్యాలంటే నాకు గియ్యండి. నాకు ఈ ఉద్యోగం లేదు కాబట్టి ఊడదు.

ప్రదీప్‌బాబు గొడుగు కింద నిలబడి ఆ తువ్వాలునీ, మీసాన్నీ, కట్టునీ, వెనకాల నేల మీద కాలు నిలపలేక గెంతుతున్న సునీల్‌నీ వరసగా చూశాడు. ఆయన నవ్వగా ఎవరూ చూడలేదంటారు, ఆ రోజు కూడా చూడలేదు, గొడుగు అడ్డం పెట్టుకున్నాడు. గొడుగు మాత్రం చాలాసేపు ఊగింది. పైకి వెళ్ళి రిజిస్టరులో నీలం ఇంకుతో రాశాడు. ఆలస్యానికి కారణం: లేడీస్, ఒకరు. ఒళ్ళో పిల్ల, ఒకటి, ఇనపది.

మర్నాటికి ఇమ్మానుయేలు గొంతు పోయింది. వానలో అన్నేసి కేకలు వేస్తే పోదా మరి. నోరు తెరిస్తే సైకిలు ట్యూబులోంచి గాలి పోయినట్టు చప్పుడు. అయినా తొమ్మిదింటికి స్టాపులో నిలబడ్డాడు. సునీల్ కాచ్‌బాడీకి వంద గజాల ముందే ఒక దెబ్బ కొట్టాడు, మావ వంతు కూడా తనే అరిచాడు. బస్సు గోడకి చేరేసినట్టు నిలబడింది. ఇమ్మానుయేలు ముఖం చూడాలి, నోటి దగ్గరి ముద్ద ఎవరో లాక్కున్నట్టు అయింది.

ఉద్యోగులు దిగారు. ఆ కుర్రాడు దిగలేదు. సీట్లో కూర్చుని చెవుల్లోంచి తీగలు తీశాడు.

"అన్నా, పోనియ్యి," అన్నాడు తెలుగులో.

సునీల్ చేయి రేకు మీదే ఉండిపోయింది. నాలుగు నెలలు రోజూ చూసిన మనిషి తెలుగువాడు. ఎవరూ మాట్లాడకపోతే భాష ఎలా తెలుస్తుంది?

కుర్రాడు లేచి ఇమ్మానుయేలు పక్కకి వచ్చి కూర్చున్నాడు. పేరు సాయివర్ధన్ అనీ, తమది కరీంనగర్ అనీ చెప్పాడు. "నిన్న మీరు గుంట, దిగాల అన్నరు. వానల అవ్వే రెండు ముక్కలు వినబడ్డయి. రోడ్డు మీద గుంట ఉన్నదని చెప్తున్నరనుకున్న. ఎంత ఎతికినా గుంట కనబడలే. మా ఆఫీసుల నవదీప్ అని మీ దిక్కోడే ఉన్నడు. గుంటడు అన్నరేమో, అంటే పిల్లగాడు అని చెప్పిండు." చెవి తీగలు జేబులో కుక్కుకున్నాడు. "ఇన్ని రోజుల సంది నా కోసమేనా అంకుల్?"

ఇమ్మానుయేలు తల అడ్డంగా ఊపాడు. గొంతు లేకపోయినా అబద్ధం ఆడే ఓపిక ఉంది. గుసగుసగా అన్నాడు: "నీ కోసవేటి? ముసలోణ్ణి. స్టాపు మర్సిపోతుంటాను."

"రోజు ఒక్కటే స్టాపు మర్సిపోతరా?"

ఇమ్మానుయేలు కిటికీ వైపు తిరిగి చాలా అవసరంగా బయటికి చూశాడు. సునీల్ నవ్వు ఆపుకోలేక టికెట్ల కట్ట నోట్లో పెట్టుకున్నాడు. రెండు దెబ్బలు కొట్టాడు, బస్సు మళ్ళీ కదిలింది. మరి నీ స్టాపు దాటిపోయిందిగా, ఆఫీసుకి ఎలా వెళతావు అని అడిగాడు సాయివర్ధన్‌ని.

"వెనక్కి నడుస్త. నడవనీకి ఏంలేదన్నా, దిగేటప్పుడు జర ఆగితే సాలు." తర్వాత ఇమ్మానుయేలు వైపు తిరిగి, "మీ చాయ్ ఎట్లుంటదో చూద్దామని," అన్నాడు.

సునీల్ అతని మీద జాలిపడ్డాడు, కాలు గురించి కాదు, చాయ్ గురించి.

పంప్‌హౌస్ దగ్గర పడింది. ఇమ్మానుయేలు అలవాటు కొద్దీ లేచి, కడ్డీ పట్టుకుని, నోరు తెరిచాడు. గాలి వచ్చింది. సునీల్ చేయెత్తాడు. కానీ అతనికంటే ముందు, పక్కన నిలబడ్డ సాయివర్ధన్, బస్సులో పక్కవాడికి కూడా వినబడకుండా బతికిన మనిషి, ఒకసారి చుట్టూ చూసి, చూస్తే చూశారులే అన్నట్టు గొంతెత్తాడు.

"ఆస్తి లేడీస్, కోలే బచ్చా."

బస్సంతా గొల్లుమంది. సునీల్ అది ఆస్తి కాదు, ఆస్తే అని సరిదిద్దబోయాడు. ఇమ్మానుయేలు కర్రతో అతని పిక్క మీద ఒకటి తగిలించి, ఉన్న గుసగుసంతా కూడదీసుకుని అన్నాడు: "ఒగ్గేయ్ గుంటడా. నానూ మొదట అదే అనుకున్నాను. అదే బాగుంది."

బస్సు నిలబడింది. ఒకరు దిగారు, టంగ్. ఇంకొకరు దిగారు, టిక్. ఒకరి భుజం ఒకరు పట్టుకోలేదు, ఒకరి కోసం ఒకరు ఆగారు, అంతే. వెనక బస్సు హారన్ మోగించింది. సునీల్‌కి ఆ రోజు అది ఇంకెవరి కోసమో మోగుతున్నట్టు అనిపించింది. చాయ్ కొట్టు వైపు నడుస్తున్న ఆ రెండు వీపుల్ని చూస్తూ ఫుట్‌బోర్డు మీద కదలకుండా నిలబడ్డాడు. పుట్టిన తర్వాత బహుశా మొదటిసారి.

ముందు సీటులోంచి బాపీదా మెడ తిప్పకుండానే అడిగాడు, లేడీస్ దిగారా అని.

"ఇద్దరూ దిగారు," అన్నాడు సునీల్, రేకు మీద రెండు దెబ్బలు కొట్టి.